పీఏ అంటే ఏ పీఏ? చెన్నై ప్రభుత్వాఫీసుల్లో సీనియర్ పర్సనల్ అసిస్టెంట్ ఏం చేస్తారు, ఏం చేయలేరు

తమిళనాడు జీవో ఏదైనా తీసుకుని చివరి పేజీ చూడండి. సెక్రటరీ పేరు తర్వాత ఆ ఉత్తర్వు ఎవరెవరికి పోవాలో వరసగా రాసి ఉంటుంది. డైరెక్టర్లు, కలెక్టర్లు అయ్యాక 'నకలు' అని ఇంకో జాబితా. అందులో తరచూ కనిపించే వరస ఇది: ఫలానా శాఖ మంత్రిగారి సీనియర్ పీఏ, చెన్నై-9. నకలు పోయేది మంత్రి దగ్గరికే అయినా చిరునామాలో ఉన్నది సీనియర్ పీఏ. ఆ చుట్టుపక్కలే సెక్రటరీగారి ప్రైవేట్ సెక్రటరీ కూడా ఉంటారు. అందరికన్నా అడుగున స్టాక్ ఫైల్, స్పేర్ కాపీ.

జీవోలో ఇంత చోటున్న ఈ పదవి గురించి చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఏముంది, లెటర్లు టైపు కొట్టుకునే పని" అని ఒకటి. "పీఏని పట్టుకుంటే పనైపోయినట్టే" అని ఇంకొకటి. కొన్నిసార్లు రెండూ ఒకే నోటి నుంచి, అరగంట తేడాతో వస్తాయి. చిక్కంతా ఎక్కడంటే, పీఏకి ఫైలు మీద అధికారం ఏమీ లేదు, కాని అధికారి టైము మీద పట్టుంటుంది. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే ఈ ఉద్యోగం అర్థం కాదు. పైగా 'పీఏ' అన్న బోర్డు కింద ఒకదానికొకటి పొంతన లేని ఉద్యోగాలున్నాయి. ముందు వాటిని విడదీద్దాం.

ఒకే బోర్డు కింద మూడు ఉద్యోగాలు

మొదటిది, మనమందరం పీఏ అనగానే అనుకునేది. స్టెనోగా చేరి, మెట్లెక్కి, డైరెక్టర్ దగ్గరో కమిషనర్ దగ్గరో సెక్రటరీ దగ్గరో కూర్చునే ఉద్యోగి. డిక్టేషన్ తీసుకోవడం, అపాయింట్‌మెంట్ల డైరీ, ఫోన్లు, గోప్యంగా ఉండాల్సిన కాగితాలు వీరి పని. సర్వీసు పెరిగే కొద్దీ పేరు ముందు 'సీనియర్' చేరడమో, పేరే 'ప్రైవేట్ సెక్రటరీ'గా మారడమో జరుగుతుంది. శాఖను బట్టి పేర్లు మారతాయి కాబట్టి పేరు చూసి హోదా చెప్పలేం.

రెండోది కలెక్టరేట్లలో కనిపిస్తుంది. రాజాజీ సాలైలోని సింగారవేలర్ మాళిగైలో ఉన్న చెన్నై కలెక్టరేట్‌కి గానీ, పక్కనున్న తిరువళ్లూరు, కాంచీపురం జిల్లాలకు గానీ వెళితే 'కలెక్టర్ గారి పీఏ (జనరల్)' అనే అధికారి ఉంటారు. తమిళంలో బోర్డు 'నేర్ముగ ఉదవియాళర్ (పొదు)' అని ఉంటుంది. ఆయన స్టెనో కారు. డిప్యూటీ కలెక్టర్ హోదా ఉన్న రెవెన్యూ అధికారి. కలెక్టరేట్ పరిపాలన చాలావరకు ఆయన చేతి మీదుగా నడుస్తుంది. సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే రోజున కలెక్టర్ వేరే ఊళ్లో ఉంటే, అక్కడ కూర్చుని అర్జీలందుకునే వాళ్లలో ఈయనా ఒకరు. ఇదే వరసలో పీఏ (వ్యవసాయం), పీఏ (మధ్యాహ్న భోజనం), పీఏ (చిన్న మొత్తాల పొదుపు) కూడా ఉంటారు. వీళ్లంతా సొంతంగా ఫైళ్లు చూసేవాళ్లు, సంతకం పెట్టేవాళ్లు. ఆంధ్ర, తెలంగాణ కలెక్టరేట్లలో ఏవో (పరిపాలనాధికారి) చేసే పనిలో చాలా భాగం ఇక్కడ పీఏ జనరల్ చేస్తారనుకోవచ్చు, హోదాలో మాత్రం ఒక మెట్టు పైన. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చినవాళ్లు ఈయన్ని కలెక్టర్ గారి సీసీ (క్యాంపు క్లర్కు) అనుకుని మాట్లాడితే ఇబ్బందే.

మూడోది మంత్రి పేషీ. ఇందులో మళ్లీ రెండు రకాలు. జీవో నకలులో పేరు కనిపించే సీనియర్ పీఏ సచివాలయం నుంచి వచ్చిన ప్రభుత్వోద్యోగి. ఫైలు ఎలా నడుస్తుందో, ఏ రూలు ఎక్కడ అడ్డొస్తుందో తెలిసిన మనిషి. ఆయనకు తోడు నియోజకవర్గం నుంచో పార్టీ నుంచో వచ్చిన సహాయకులుంటారు. ఊళ్లో పెళ్లికి మంత్రిగారు వస్తారో రారో చెప్పేది వీళ్లు. ఇలా బయటి నుంచి వచ్చినవాళ్ల నియామకం సాధారణంగా మంత్రి పదవితో ముడిపడి ఉంటుంది. మంత్రి దిగిపోతే వీళ్లూ దిగిపోతారు. సీనియర్ పీఏ మాత్రం తన సొంత సర్వీసుకు తిరిగి వెళతారు. జనం ఇద్దర్నీ 'పీఏ సార్' అనే పిలుస్తారు.

ఇక్కడి నుంచి ఈ వ్యాసంలో పీఏ అంటే మొదటి రకం.

సీటు లేని ఉద్యోగి

ఆంధ్ర జిల్లాలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి ఆఫీసు నడిపే పద్ధతి అటూ ఇటూ దాదాపు ఒకటే. తపాలు, పర్సనల్ రిజిస్టర్, నోట్ ఫైల్, కరెంట్ ఫైల్ అంటే విజయవాడలోనూ అర్థమవుతుంది, చేపాక్‌లోని ఎళిలగంలోనూ అర్థమవుతుంది. ఈ పద్ధతిలో ప్రతి గుమస్తాకి ఒక సీటు ఉంటుంది. ఎ1, బి3 అలాగన్నమాట. ఫైలు నంబరులోనే ఆ సీటు పేరుంటుంది కాబట్టి అది ఎవరి బాధ్యతో నంబరు చూస్తేనే తెలిసిపోతుంది.

పీఏకి మామూలుగా సీటు ఉండదు. (మనుషులు చాలని చిన్న ఆఫీసుల్లో స్టెనోకి కూడా ఒక సీటు అంటగడతారు, అది వేరే సంగతి.) సీటు లేదంటే నోట్ రాసే పని లేదు, అవునూ కాదూ అని సిఫారసు చేసే వీలు లేదు. ఫైలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేసినా పీఏ అక్షరం ఒక్కటి కనిపించదు.

మరి పట్టు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక ఉదాహరణ కల్పించుకుందాం. జార్జిటౌన్‌లో ఎయిడెడ్ తెలుగు బడి ఒకటుంది. తెలుగు మాస్టారు రిటైరయ్యారు. ఆ ఖాళీ నింపుకోవడానికి అనుమతి కావాలని బడి కరస్పాండెంటు దరఖాస్తు పెట్టారు. అది జిల్లా ఆఫీసులు దాటి డైరెక్టరేట్‌కి చేరింది. అక్కడ తపాలు సెక్షన్‌లో ముద్ర పడింది, సీటుకి వెళ్లింది, అసిస్టెంటు నోట్ పెట్టారు, సూపరింటెండెంటు చూశారు, మధ్యలో ఇద్దరు అధికారులు సంతకం చేశారు. ఇప్పుడు డైరెక్టర్ దగ్గరికి వచ్చింది. ఇందులో ఏ దశలోనూ పీఏ ప్రమేయం లేదు.

ఆ రోజు డైరెక్టర్ బల్ల దగ్గరికి 40 ఫైళ్లొచ్చాయనుకుందాం. ఒక్కోదానికి సగటున 5 నిమిషాలు పడితే మొత్తం 200 నిమిషాలు. పొద్దున కోటలో, అంటే సచివాలయంలో, సెక్రటరీగారి మీటింగ్, సాయంత్రం జిల్లాలతో వీడియో కాన్ఫరెన్స్. మధ్యలో డైరెక్టర్ కుర్చీలో కూర్చునేది రెండు గంటలు, అంటే 120 నిమిషాలు. 24 ఫైళ్లు తెమలుతాయి, 16 మిగులుతాయి. ఆ 16 ఏవి?

కొన్నిటి సంగతి ఎవరూ తేల్చక్కర్లేదు. అసెంబ్లీ జరుగుతుంటే సభలో ప్రశ్నకు జవాబు పంపాల్సిన ఫైలు అన్నిటికంటే పైన ఉంటుంది. రేపు హైకోర్టులో కౌంటర్ వేయాల్సింది, కోర్టు ధిక్కారం కేసు ఉన్నది దాని తర్వాత. ఇలాంటివి పది పోతే, మిగతా ముప్ఫై ఫైళ్లలో ఏది ముందు, ఏది వెనక అన్నదానికి రాసిపెట్టిన రూలంటూ ఉండదు. ఆ వరస పేర్చేది పీఏ. మన తెలుగు మాస్టారి ఫైలు ఇరవయ్యోదైతే ఈ రోజు సంతకం, ముప్ఫయ్యోదైతే రేపు. రేపు మళ్లీ కొత్తగా 40 వస్తాయి.

ఇందులో బయటివాళ్లకు తట్టని మెలిక ఒకటుంది. ఫైలు డైరెక్టర్ దగ్గరికి ఏ తేదీన వెళ్లిందో రికార్డులో ఉంటుంది, సంతకం ఏ తేదీన పడిందో ఉంటుంది. మధ్యలో గడిచిన రోజులన్నీ డైరెక్టర్ లెక్కలోకే పోతాయి. వరసలో కిందికి తోసిన చెయ్యి ఎక్కడా కనపడదు. అధికారులు పీఏని ఏరి కోరి తెచ్చుకోవడానికి, బదిలీ అయితే వెంట తీసుకెళ్లాలని చూడటానికి ఇదో ముఖ్యమైన కారణం. పీఏ చేసే ఆలస్యం రేపు తన మెడకే చుట్టుకుంటుందని వాళ్లకు తెలుసు.

దీన్ని రెండు రకాలుగా చూసేవాళ్లున్నారు. ఇలా రాతలో లేని అధికారం ఒక మనిషి చేతిలో ఉండటమే తప్పు, వచ్చిన వరసలోనే ఫైలు చూడాలి అంటారు కొందరు. అప్పుడు కోర్టు ఫైలు ముప్ఫయ్యో చోట ఇరుక్కుంటే ఎవరు జవాబు చెప్తారని అడుగుతారు లోపల పనిచేసినవాళ్లు. నాకు రెండోవాళ్ల మాటలో బరువు కనిపిస్తుంది. అయితే వరస ఎవరు, ఎందుకు మార్చారో ఎక్కడో ఒకచోట నమోదు కావాలన్న మొదటివాళ్ల కోరికను కొట్టిపారేయలేం.

'సీనియర్' అంటే పెరిగేది స్పీడు కాదు

కొత్తగా చేరిన స్టెనోకి, ఇరవయ్యేళ్ల పీఏకి తేడా ఎక్కడుంటుంది? డి.ఓ. లెటర్ రాయించి చూడండి. ఒక అధికారి ఇంకో అధికారికి పేరు పెట్టి, సొంత సంతకంతో రాసే ఉత్తరం అది. 'మూడు నెలలుగా మీ ఆఫీసు నుంచి జవాబు లేదు' అన్న సంగతి పైవాడికి రాసేటప్పుడు ఒకలా, సమానుడికి ఒకలా, కిందివాడికి ఒకలా ఉండాలి. అధికారి "మన ఆ పాత లెటర్ గుర్తు చేసి గట్టిగా ఒకటి కొట్టండి" అని కారెక్కేస్తారు. పాత లెటర్ ఏది, గట్టిగా అంటే ఎంత గట్టిగా, కింద ఎవరికి నకలు పెడితే విషయం ముదురుతుంది, ఎవరికి పెట్టకపోతే మేలు: ఇదంతా పీఏ బుర్రలో ఉండాలి.

ఫోన్‌లోనూ అంతే. "ఐయా మీటింగ్‌ల ఇరుక్కాంగ" (సార్ మీటింగ్‌లో ఉన్నారు) అన్న ఒక్క మాటనే మనిషిని బట్టి నాలుగు రకాలుగా పలకగలరు. ఒకరికి అది 'తర్వాత చేయండి', ఇంకొకరికి 'ఇక చేయకండి'. కింది ఉద్యోగుల పనితీరు మీద రాసే రహస్య నివేదికలు కూడా చాలాచోట్ల ముందు పీఏ చేతిలోనే టైపవుతాయి. రేపు ఎవరి ప్రమోషన్ ఆగబోతోందో తెలిసీ, మధ్యాహ్నం అదే మనిషి పక్కన కూర్చుని క్యాంటీన్‌లో భోంచేయాలి. ఈ ఉద్యోగంలో కష్టమైన భాగం ఇదేనని నా అభిప్రాయం, టైపింగ్ కాదు.

800 మాటలు, 50 నిమిషాలు: పరీక్ష ఏం చూస్తుంది

కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనో పరీక్ష పెడుతుంది. 'డి' గ్రేడ్‌కి నిమిషానికి 80 మాటల చొప్పున 10 నిమిషాలు డిక్టేషన్ ఇస్తారు. అంటే 800 మాటలు. దాన్ని ఇంగ్లిష్‌లో అయితే 50 నిమిషాల్లో కంప్యూటర్ మీద టైపు చేయాలి. లెక్క వేస్తే నిమిషానికి 16 మాటలు, అంటే ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కొన్ని వారాలకే వచ్చే వేగం. 'సి' గ్రేడ్‌కి 100 మాటల చొప్పున 1000 మాటలు, 40 నిమిషాలు. అదీ నిమిషానికి 25 మాటలే. మరి ఇంతమంది ఎందుకు తప్పుతారు?

ఎందుకంటే అక్కడ పరీక్ష వేళ్లకు కాదు, తన రాత తాను చదువుకోగలగడానికి. ఐజాక్ పిట్‌మన్ 1837లో అచ్చేసిన షార్ట్‌హ్యాండ్ పద్ధతిలో 'ప', 'బ' రెంటికీ గీత ఒకటే. పలచగా గీస్తే ప, ఒత్తి గీస్తే బ. 'ట', 'డ' కూడా అంతే. అచ్చులు చుక్కలు, చిన్న గీతలు. వేగం పెరిగే కొద్దీ వాటిని వదిలేస్తారు. కాబట్టి గీత చూసి మాట పోల్చుకోవాలంటే వాక్యం ఎటు పోతోందో తెలియాలి, భాష మీద పట్టుండాలి. చెయ్యి ఎంత ఉరికినా ఇంగ్లిష్ తడబడితే ఆ 50 నిమిషాలూ సొంత నోట్‌బుక్ ముందు తెల్లమొహం వేయాల్సిందే.

తమిళనాడు దారి వేరు. గ్రూప్-4 పరీక్ష ద్వారా టీఎన్‌పీఎస్సీ (తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్) స్టెనో-టైపిస్టులను తీసుకుంటుంది. చదువు పదో తరగతి చాలు గాని తమిళం, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ టైపు, షార్ట్‌హ్యాండ్ సర్టిఫికెట్లుండాలి. రెండిట్లో కనీసం ఒక భాషలో హయ్యర్, రెండోదాంట్లో లోయర్ ఉంటే సరిపోతుంది. ఆ సర్టిఫికెట్ పరీక్షలు సాంకేతిక విద్యా శాఖ నడుపుతుంది. జీతం స్కేలు 20,600తో మొదలవుతుంది; కేంద్రంలో 'డి' గ్రేడ్‌కి మూల వేతనం 25,500. కరువు భత్యం, ఇంటద్దె భత్యం పైన కలుస్తాయి.

తెలుగు ఇంటి పిల్లలకు ఏ దారి

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో తమిళం అనర్గళంగా మాట్లాడి, రాయడం దగ్గర ఆగిపోయే తరం ఒకటుంది. వాళ్లకు గ్రూప్-4 గట్టి గోడే. ప్రశ్నపత్రంలోని 300 మార్కుల్లో 150 తమిళానివి. అందులో 40 శాతం, అంటే 60 మార్కులు రాకపోతే మిగతా సగం దిద్దనే దిద్దరు. తమిళ పేపరును ఇలా తప్పనిసరి చేసింది 2021 చివరి ఉత్తర్వులతో. తమిళ మాధ్యమంలో చదివినవాళ్లకు 2010 చట్టం 20 శాతం ప్రాధాన్యం ఇస్తుంది. తెలుగు మాధ్యమంలోనో ఇంగ్లిష్ మాధ్యమంలోనో చదివినవాళ్లకు అది వర్తించదు. పాలించే ఆఫీసులో జనం భాష రాకపోతే ఎలా అన్న వాదన న్యాయమైనదే. తరాలుగా ఇక్కడే ఉన్న భాషా మైనారిటీల పిల్లలకు తలుపు ఇరుకైందన్న బాధ కూడా నిజమే. 2006 చట్టం తర్వాత బడిలో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరిగా చదువుకున్న పిల్లలకు ఈ గోడ అంత ఎత్తు కాదు.

తమిళం రాయడం రానివాళ్లకు మిగిలేది కేంద్రం దారి. శాస్త్రి భవన్, రాజాజీ భవన్, ఆయకర్ భవన్, కస్టమ్స్ హౌస్‌లలోని ఆఫీసులు. అక్కడ డిక్టేషన్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో. 'సి' గ్రేడ్ పోస్టులు దాదాపుగా ఢిల్లీ సచివాలయానివే కాబట్టి చెన్నైలోనే ఉండాలనుకునేవాళ్లు 'డి' గ్రేడ్ మీద చూపు పెడతారు. మద్రాసు హైకోర్టు తన న్యాయమూర్తుల పీఏలను విడిగా తీసుకుంటుంది.

పక్కమాటగా ఒకటి. పైరవీ లేకుండా పరీక్ష పెట్టి గుమస్తాలను తీసుకోవాలన్న ఏర్పాటు ఈ నగరంలో 1924లో స్టాఫ్ సెలక్షన్ బోర్డుతో మొదలైంది. అది పెరిగి 1929లో మద్రాసు సర్వీస్ కమిషన్ అయింది. ఇప్పటి టీఎన్‌పీఎస్సీకి మూలం అదే. 1924లో ప్రభుత్వాన్ని నడుపుతున్నది పానగల్ రాజా, మన పానగంటి రామరాయణింగారు. సైదాపేటలో డైరెక్టరేట్లున్న పానగల్ మాళిగై ఆయన పేరు మీదే.

చేరాక ఎదుగుదల మాత్రం ఇరుకు సందు. కేంద్ర సచివాలయ స్టెనో సర్వీసులో పీఏ, ప్రైవేట్ సెక్రటరీ, ప్రిన్సిపల్ ప్రైవేట్ సెక్రటరీ, ఆ పైన మెట్లు ఉన్నాయి. జిల్లా ఆఫీసులో, చిన్న డైరెక్టరేట్‌లో ఆ మెట్లు తక్కువ. పై పోస్టు ఒకటే ఉంటే, అందులో ఉన్నాయన రిటైరయ్యేదాకా ఎదురుచూపే. అందుకే కొందరు మధ్యలోనే అసిస్టెంట్ వైపు మారిపోతారు. గది బయట కుర్చీ వదిలి సీటు పట్టుకుంటే ఫైలు మీద తమ సంతకం పడుతుంది, ప్రమోషన్ దారీ పొడుగు.

"సార్‌కి చెప్తాను" అన్న మాటకు చట్టం ఏమంటుంది

జనానికి ఎక్కువ అనుమానం ఉండేది ఇక్కడే. పీఏకి నిర్ణయించే అధికారం లేదు కదా, మరి డబ్బు తీసుకుంటే అది లంచం ఎలా అవుతుంది?

అవినీతి నిరోధక చట్టం, 1988 ప్రకారం పీఏ కూడా పబ్లిక్ సర్వెంటే. చేయాల్సిన పని సక్రమంగానే జరిగినా సరే, దాని కోసం డబ్బో ఇంకో ప్రయోజనమో అడగడం, పుచ్చుకోవడం అంతటితోనే నేరమని 2018 సవరణ స్పష్టం చేసింది. తన పరిచయంతో అధికారిని ప్రభావితం చేస్తానని డబ్బు తీసుకునేవాళ్ల కోసం 7ఎ సెక్షన్ విడిగా ఉంది. దానికి ఉద్యోగే కానక్కర్లేదు, గేటు బయట బ్రోకరూ పట్టుబడతాడు. శిక్ష 3 నుంచి 7 ఏళ్లు, జరిమానా. అధికారికి సంగతి తెలుసా లేదా అన్నది పీఏ నేరాన్ని చెరిపేయదు. జార్జిటౌన్ కరస్పాండెంటు దగ్గర "ముప్ఫయ్యో ఫైలు పదోది చేస్తాను" అని పీఏ వెయ్యి రూపాయలు తీసుకుంటే, ఆ ఫైలు న్యాయంగా మంజూరు కావాల్సిందే అయినా కేసు కేసే.

డబ్బు లేకుండా, ముసలాయన ఎండలో వచ్చారని జాలిపడి ఫైలు పైన పెడితే? చట్టం దృష్టిలో అది నేరం కాదు. వెనక్కిపోయిన ఫైలు తాలూకు మనిషికి మాత్రం అదీ అన్యాయంగానే కనిపించవచ్చు.

మాటను టైపు చేసే ఫోన్ వచ్చాక

ఈ పోస్టులు ఇంకా ఎందుకన్న వాదన కొత్తది కాదు. స్టెనో, గుమస్తా అన్న తేడా తీసేసి, కంప్యూటర్ వచ్చిన ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్లను పెట్టుకోవచ్చని ఆరో కేంద్ర వేతన సంఘం 2008 నాటి నివేదికలోనే సూచించింది. ఫైళ్లు కంప్యూటర్‌లోనే నడిచే ఈ-ఆఫీసు వచ్చాక కుర్ర అధికారులు నోట్ తామే కొట్టుకుంటున్నారు. ఫోన్‌లో మాట్లాడితే ఇంగ్లిష్, తమిళం, తెలుగు అన్నీ అక్షరాలవుతున్నాయి. ఈ లెక్కన షార్ట్‌హ్యాండ్‌కి రోజులు దగ్గరపడ్డాయనే నేనూ అనుకుంటాను, కోర్టు గదుల్లో తప్ప. ఉద్యోగం నడిచేది క్యాలెండర్, ఈ-ఆఫీసు, వీడియో కాన్ఫరెన్స్ లింకుల మీద. పరీక్ష జరిగేది పలచ గీత, ఒత్తు గీత మీద. ఈ పొంతన లేనితనానికి ఎవరూ సరైన జవాబు చెప్పడం లేదు.

ఇటువైపు వాదన కూడా వినాలి. రహస్య నివేదికనో, విజిలెన్స్ విచారణ తాలూకు ఉత్తరాన్నో బయటి కంపెనీ యాప్‌లోకి చదివితే ఆ మాటలు ఏ సర్వర్‌కి పోతాయి? అధికారిక రహస్యాల చట్టం 1923 నాటిది కావచ్చు, అమల్లోనే ఉంది. ఇక యంత్రం అక్షరాలను పట్టుకుంటుంది గాని, 40 ఫైళ్లను 120 నిమిషాల్లో సర్దే పని ఎక్కడికీ పోదు.

కాగితం పోయి స్క్రీన్ రావడంతో కొత్త చిక్కు ఒకటి పుట్టింది. ఈ-ఆఫీసులో అధికారి డిజిటల్ సంతకం ఒక చిన్న టోకెన్‌లో ఉంటుంది. దాని రహస్య కీ తన అదుపులోనే ఉండేలా తగిన జాగ్రత్త తీసుకోవాలని ఐటీ చట్టం, 2000లోని 42వ సెక్షన్ సంతకందారుకే చెప్తుంది. పని ఒత్తిడిలో టోకెన్, పాస్‌వర్డ్ రెండూ పీఏకి అప్పజెప్పే అధికారులు లేకపోలేదు. అప్పుడు ఇన్నాళ్లూ ఫైల్లో అక్షరం లేని మనిషి చేతికి ఏకంగా అధికారి సంతకమే వచ్చినట్టు. రికార్డు మాత్రం అధికారి పేరే చూపిస్తుంది. రేపు విచారణ వస్తే సంతకం తనది కాదని అధికారి తప్పించుకోలేరు, వారే ఇచ్చారని పీఏ బయటపడలేరు. దీనికి మందుగా మొబైల్‌కి ఓటీపీ వచ్చే ఈ-సైన్ పద్ధతి తెచ్చారు. మీటింగ్ జరిగినంతసేపూ ఆ మొబైల్ ఎవరి చేతిలో ఉంటుందో ప్రభుత్వాఫీసుల్లో తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.